ఎడంచేతి పురి

అనగా అనగా, తాళ్ళకింకా ఒక్క పురే ఉండే కాలం. గోగునార తీసి, తొడమీద పెట్టి, కుడిచేత్తో పేనేవారు. అదే తాడు. బరువు పడితే చాలు, గిర్రున తిరిగేది, పురి విప్పుకునేది, పుటుక్కున తెగేది.

అలాంటి తాళ్ళు పేనే ఇంటికి తవిటమ్మ కోడలై వచ్చింది. ఆమెది ఎడంచేతి వాటం. ఆమె పేనితే పురి ఎదురు తిరిగి ఎక్కేది.

"ఎడంచేతి తాడు ఇంటికి మంచిది కాదే. నువ్వు నార సీరు, సాలు," అంది అత్త గౌరమ్మ.

తవిటమ్మ నార చీరుతూ కూర్చుంది.

కొన్నాళ్ళకి కూతురు పుట్టింది. అత్తే తాడు పేని, దూలానికి ఉయ్యాల కట్టింది. ఒకనాడు తాడు గిర్రున తిరిగింది, పురి విప్పుకుంది, పుటుక్కున తెగింది. కింద గడ్డి ఉండబట్టి పిల్ల బతికింది. అత్త మళ్ళీ కట్టింది. మళ్ళీ తెగింది. తవిటమ్మ చేతులు చాపబట్టి పిల్ల బతికింది. మూడోసారి అత్త రెండు తాళ్ళు పేని పెట్టింది.

"సంత నుంచి వచ్చి కడతాను. ముట్టకు."

పిల్లని ఒళ్ళో వేసుకుని తవిటమ్మ ఆ తాళ్ళకేసే చూసింది. ఈసారి గడ్డీ లేక, నేనూ లేకపోతే?

అత్త పురి ఎటు విప్పుకుపోతుందో ఆమెకి తెలుసు. తన చెయ్యి తిరిగేదీ అటే. రెండు తాళ్ళూ పక్కపక్కన పెట్టి, ఎడంచేత్తో కలిపి పేనింది. చలికి అక్కచెల్లెళ్ళు ముడుచుకున్నట్టు, ఒకదాన్నొకటి చుట్టుకుని ఉండిపోయాయి. వదిలినా విడలేదు. దాంతోనే ఉయ్యాల కట్టి, పిల్లని పడుకోబెట్టింది.

గౌరమ్మ వచ్చి చూసింది.

"నా తాళ్ళెవరు ముట్టారే?"

"నానే అత్తా."

"ఏ చేత్తో?"

తవిటమ్మ చెయ్యి కొంగులో దాచుకుంది. "దీంతోనే."

అత్త ఉయ్యాల దగ్గరికి నడిచింది. పిల్లని తీసి కోడలికిచ్చింది. తాడు పట్టుకుని తనే వేలాడింది. కాళ్ళు నేలకి అందలేదు. గిర్రున తిరిగింది, ఆగింది. తాడు కిర్రుమంది గానీ విప్పుకోలేదు.

"దూలం ఇరిగిపోతాది, దిగత్తా."

"మీ మావ ఏసిన దూలం. దానికేటీ అవదు."

దిగి, తాడు వేళ్ళతో తడిమి చూసింది. "నాది ఇప్పుకుందామంటే నీది బిగుసుకుంటందే," అంది మెల్లిగా. కొంగులోంచి కోడలి చెయ్యి బయటికి తీసింది. నార కోసిన అరచేతికి ఆముదం రాసింది.

"రేపటి నుంచి ఇద్దరం పేనుదాం."

తవిటమ్మ పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలీదు. ఆ వైపు ఊళ్ళలో ఉయ్యాల తాడు చివరి నాలుగు చుట్లూ ఎడంచేత్తోనే తిప్పుతారు. ఆ వాటం లేని ముసలమ్మలు కూడా నవ్వుకుంటూ తిప్పుతారు. ఏ పిల్లయినా ఎడంచేత్తో ముద్ద ఎత్తితే, కొట్టబోయిన తల్లిని పక్కవాళ్ళు ఆపుతారు.

"ఉండనీయవే. తవిటమ్మ చెయ్యి."