గైరమ్మ గంప ముందు కూర్చున్న కోళ్ళు

కొండవార పల్లెలో ఒక రైతు పెరడు ఉంది. అందులో ఐదు పెట్టలు, ఒక పుంజు, కాపలాకి సింహాద్రి అనే కుక్క. పేరులో ఉన్న సింహం వాడి ఒంట్లో మాత్రం ఎక్కడా లేదు. దారినపోయే సైకిళ్ళ మీద మొరగడం, గంజి తాగి పడుకోవడం, అదే వాడి కాపలా.

ఆ ఏడు ఎండలకి నేల బీటలు వారింది. గీరితే పురుగు లేదు, వెతికితే గింజ లేదు. దానికి తోడు పుంజుకి కొక్కెర తెగులు తగిలింది. అతని భార్య గైరమ్మ, నల్లపెట్ట, దిక్కుతోచక కూర్చుని ఉంటే కొండమీది నక్క గుంపస్వామి కంచె సందులోంచి తల పెట్టాడు.

"ఏమ్మా, అలా ఉన్నావు? ఇంటాయనకి బాగోలేదా? నా దగ్గర చోళ్ళున్నాయి, మంచి రాగిగింజలు, పట్టుకెళ్ళు. తాకట్టు వద్దు, పూచీకత్తు వద్దు."

"మరేటి కావాలి నీకు?" అంది గైరమ్మ.

"శనివారం శనివారం గుడ్లు. అంతే. మీ ఐదుగురూ ఒక జట్టు కట్టండి. ఒకర్తి ఇవ్వలేకపోతే మిగతా నలుగురూ ఇవ్వాలి. ఆడవాళ్ళు ఒకరికొకరు సాయం చేసుకుంటే నాకు ముచ్చట."

ముచ్చటట. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. పెట్టని తింటే నక్కకి ఒక్కపూట భోజనం, పైగా రైతు కర్ర పట్టుకుని కొండంతా గాలిస్తాడు. గుడ్డు పోతే పెట్ట పెట్టలేదనుకుని ఊరుకుంటాడు. గుంపస్వామి ఈ లెక్క ముందే వేసుకున్నాడు. కంచె దాటనిచ్చినందుకు సింహాద్రికి వారం వారం ఒక గుడ్డు వాటా కూడా మాట్లాడుకున్నాడు.

ఐదుగురూ చోళ్ళు తీసుకున్నారు. తీసుకోక ఏం చేస్తారు, కడుపులు కాలుతుంటే? ఎర్రపెట్ట సూరీడమ్మని నక్క జట్టు నాయకురాలిని చేసి మెడలో రంగుదారం కట్టాడు. ఆ రోజు నుంచి ఆమె నడకే మారిపోయింది.

చోళ్ళు అయిపోయాయి. వాయిదాలు అవలేదు. ఎన్ని గుడ్లిచ్చినా "ఇవి వడ్డీకి సరిపోయాయి, అసలు అలాగే ఉంది" అనేవాడు నక్క. ఆ అప్పు తీర్చడానికని ఇంకో గుప్పెడు చోళ్ళు అప్పిచ్చేవాడు. ఆ వేసవిలో పెరట్లో ఒక్క కోడిపిల్ల కూడా తిరగలేదు. పొదగడానికి గుడ్డు మిగిలితే కదా.

ఇంతలో పుంజు పోయాడు. గైరమ్మ ఏడ్చింది, ఏడ్చి ఊరుకుంది. అప్పటినుంచి పెట్టిన గుడ్లు నక్కకి ఇవ్వకుండా గంపలో గడ్డికింద దాచుకుంది. అవి ఆ పుంజు ఆఖరి పిల్లలు. ఇవి కూడా పోతే తనకిక ఎవరూ లేరనుకుని వాటిమీద కూర్చుంది.

శనివారం నక్క వచ్చాడు. "గైరమ్మ వాయిదా ఏది?"

"పొదుగుతోంది సామీ," అంది సూరీడమ్మ.

"ఆవిడ పొదిగితే నా వాయిదా ఎవరు కడతారు? మీ నలుగురూ కట్టండి. కట్టలేకపోతే వెళ్ళి ఆవిడ గంప ముందు కూర్చోండి. గుడ్లిచ్చేదాకా లేవకండి. సిగ్గుపడి తనే ఇస్తుంది."

నలుగురూ వెళ్ళి కూర్చున్నారు.

"సిగ్గు నేదా గైరమ్మా? తిన్నప్పుడు బాగుందేటి?" అంది సూరీడమ్మ.

"నీ గుడ్లు కూడా నానెక్కణ్ణుంచి తెత్తాను వదినా? నా కడుపూ ఎండిపోనాది," అంది అందరికంటే చిన్నదైన బొట్టెమ్మ.

పుంజు పోయిన రోజు గైరమ్మ పక్కన కూర్చున్నది వీళ్ళే. ఇవాళ వీళ్ళ నోట నక్క మాట వస్తోంది. గుంపస్వామి పళ్ళు కూడా చూపించనక్కర్లేదు, కొండమీద హాయిగా పడుకుంటే పని జరిగిపోతుంది. గైరమ్మకి వాళ్ళని రక్తం వచ్చేలా పొడవాలనిపించింది. లేవబోయి, ఏదో తట్టి ఆగింది.

"కూకోండి," అంది. "లేవొద్దన్నాడు కదా, లెగొద్దు. అంత ఎండలో ఎందుకు, నీడకి రండి. తలా రెండు గుడ్లు కింద పెట్టుకోండి. నాను దాచేత్తానన్న బెంగ ఉండదు మీకు."

సూరీడమ్మ అనుమానంగా చూసింది. "ఇదేటైనా ఎత్తా?"

"గుడ్లు మీ కిందే ఉంటే నానెక్కడికి పారిపోతాను?"

మాట సబబుగానే ఉంది. నలుగురూ గుడ్లమీద కూర్చున్నారు.

కోళ్ళని పెంచినవాళ్ళకి తెలుసు. రొమ్ముకింద గుడ్డు వెచ్చగా తగులుతూ కొన్నాళ్ళు కదలకుండా కూర్చుంటే పెట్ట పొదుగుడుకొస్తుంది. ఒళ్ళు కాగుతుంది, తిండి తగ్గిపోతుంది, కొత్త గుడ్డు పెట్టడం మానేస్తుంది. చెయ్యి పెట్టినవాణ్ణి పొడుస్తుంది. ఆ నలుగురూ ఎన్నాళ్ళుగానో పొదగలేదు. ముందు తిట్లు తగ్గాయి. తర్వాత బొట్టెమ్మ ముక్కుతో గుడ్లని మెల్లగా తిప్పడం మొదలుపెట్టింది. సూరీడమ్మ మెడకి ఒరుసుకుంటోందని రంగుదారం తెంపి పారేసింది.

మళ్ళీ శనివారం నక్క వచ్చాడు. "ఇచ్చిందా?"

"నేదు," అంది సూరీడమ్మ.

"అయితే మీవి తెండి."

"మేం పెట్టనేదు."

"ఎందుకు పెట్టలేదు?"

"లేవొద్దన్నావు, కూకున్నాం. పొదుగుడుకొచ్చేం."

"ఐదుగురూనా?"

"జట్టు కదా," అంది గైరమ్మ.

నక్క సూరీడమ్మ కిందికి కాలు చాపాడు. ఆమె వాడి కన్ను పక్కనే ఒక్క పోటు పొడిచింది. అప్పుడు బయటపడ్డాయి వాడి పళ్ళు. "అందర్నీ నమిలేస్తాను."

"నమిలీ. రైతు కర్ర నీకోసమే ఉంది. ఆనక నీకు గుడ్డు ఎవర్తి పెడతాదో సూసుకో," అంది గైరమ్మ, గుడ్లమీంచి కదలకుండా.

ఈ గొడవకి సింహాద్రి లేచి వచ్చాడు. "నా వాటా ఏది?"

"ఈ వారం కుదర్లేదు. ఒక్క వారం ఆగు, వడ్డీతో ఇస్తాను," అన్నాడు గుంపస్వామి.

"వాటా ఉంటే నువ్వు నా నేస్తానివి. నేకపోతే కంచె దాటిన నక్కవి," అని సింహాద్రి మీదపడ్డాడు. గుంపస్వామి కంచె ముళ్ళలో సగం బొచ్చు ఒదులుకుని కొండెక్కాడు. మళ్ళీ ఆ పెరటివైపు రాలేదు.

సింహాద్రి తోక ఊపుకుంటూ వచ్చాడు. "సూసేరా, మిమ్మల్ని కాపాడేను."

"వారం వారం నువ్వు మింగినవి మా పిల్లల్ని. ఈ గంప దగ్గరికి రాకు," అంది గైరమ్మ. వాడు తోక ముడుచుకుని గుమ్మం దగ్గరికి పోయాడు.

సూరీడమ్మ తల ఎత్తలేకపోయింది. "వదినా, నీ గంప ముందు కూకున్నాను."

"కూకున్నావు. నాను మర్సిపోను," అంది గైరమ్మ. "గుడ్డు తిప్పు, సల్లారిపోతాది."

నీతి: అప్పిచ్చినవాడి మాట పట్టుకుని పక్కింటి ముందు కూర్చునేవాళ్ళు వాడికి జీతం లేని నౌకర్లు.