తోమాసా అలికిన గోడ

అనగనగా ఒక ఊరు అంటూ మొదలుపెడతాం కదా. అక్కడ ఊరు కూడా లేదు. అనగనగా ఒక గాలి. ఆ గాలికి అడ్డంగా ఒక మట్టికోట. ఎక్కడంటే అమెరికా దేశంలో, పొద్దుగుంకే వైపు, గడ్డి తప్ప ఇంకేమీ లేని బయలులో. అటుగా బండ్లబాట పోయేది. బాటకి కాపలాగా సిపాయిలు ఆ కోట కట్టించుకున్నారు.

కోట సిపాయిలది. గోడ మాత్రం తోమాసాది.

తోమాసా అంటే గోడలు అలికే మనిషి. మొగుడు లేడు. తాపీ పట్టేది కాదు. ఎర్రమట్టిలో గడ్డి కలిపి తొక్కేది, ముద్ద తీసేది, అరచేత్తో మెత్తేది. వాన కరిగించేది. తోమాసా మళ్లీ మెత్తేది.

"గోడకి గోరుముద్దలు పెడుతున్నావా అక్కా?" అని సిపాయిలు నవ్వేవాళ్లు.

"మీకన్నా గోడే నయం నాయనా. ఉప్పు చాల్లేదని వంకలు పెట్టదు" అనేది.

ఆమెకి ఒక్కతే కూతురు, నీవెస్. నాలుగేళ్ల పిల్ల. ఒకనాడు తడిగోడ మీద అరచెయ్యి ఆనించి, "అమ్మా, ఇది నేను" అంది. అయిదు వేళ్లూ అచ్చుపడ్డాయి. ఆ చలికాలమే జ్వరమొచ్చి పిల్ల పోయింది. గోడ మీద చెయ్యి మిగిలింది.

మరుసటేడు తోమాసా గోడంతా అలికింది, ఆ చెయ్యి వదిలేసింది. రెండో ఏడు అలికింది, చెయ్యి వదిలేసింది. మూడో ఏడూ అంతే. వానొస్తే దానిమీద తోలుముక్క వేలాడదీసేది. అయినా చిటికెనవేలు చెరిగిపోయింది. చుట్టూ గోడ దళసరెక్కింది, చెయ్యి ఉన్నచోట గుంట పడింది. పైనుంచి జారే నీళ్లు ఆ గుంటలో చేరి లోపలికి దిగసాగాయి.

ఇంతలో రైలొచ్చింది. బండ్లబాట పలచబడింది. సిపాయిలు మూటలు సర్దారు.

"కోట పని అయిపోయింది తోమాసా, బండెక్కు" అన్నాడు దొర.

"మీ పని అయిందేమో దొరా. గోడ పని అవలేదు."

బండివాడు పిలిచాడు. సొంత తమ్ముడొచ్చి పిలిచాడు. ముగ్గురికీ అదే మాట చెప్పింది. పిల్ల చెయ్యి వదిలి ఎలా పోతుంది?

అలా ఉండగా, ఒక ఎండాకాలం చివర బండి ఒకటి వచ్చి కోటలో ఆగింది. అందులో మొగుడూ పెళ్లాం. పెళ్లాం పేరు హల్దా, నెలలు నిండిన మనిషి. కోటలో ఒక్క గదికే పైకప్పు మిగిలింది. దాని గోడ మీదే నీవెస్ చెయ్యి ఉంది. హల్దాని ఆ గదిలోనే ఉంచారు.

మర్నాడు పొద్దున్నే పడమట దూరంగా మబ్బు లేచింది. తోమాసా గోడ చూసింది. గుంట దగ్గర్నించి అడుగుదాకా బీట. ఈ వానకి గోడ ఆగదని తెలిసిపోయింది. లోపల నిండు మనిషి. గోడ మీద తన పిల్ల.

తోమాసా మట్టి తొక్కింది. గడపలో కూర్చుని హల్దా అడిగింది, "ఆ బుజ్జిచెయ్యి ఎవరిదమ్మా?"

"నా కూతురిది."

"మరి కప్పేస్తున్నావే?"

"చలికాలం వస్తోంది కదమ్మా. పిల్లకి కప్పొద్దూ?"

మొదటి ముద్దకి వేళ్లు మరుగయ్యాయి. రెండో ముద్దకి అరచెయ్యి మరుగైంది. మూడో ముద్ద పట్టుకుని తోమాసా చాలాసేపు నిలబడింది. ఆమె కోసం గాలి కూడా ఆగిందంటారు. ఆనక మెత్తింది. దానిమీద తన చెయ్యి ఆనించి, మట్టి వెచ్చబడేదాకా ఉంచింది.

సాయంత్రం వడగళ్లవాన వచ్చింది. ఎదుటి గది గోడ కూలింది. పక్క గది గోడ కూలింది. తోమాసా గోడ నిలబడింది. తెల్లారేసరికి గదిలో పసిబిడ్డ ఏడుపు వినబడింది.

హల్దా వాళ్లు అక్కడే స్థిరపడ్డారు. తోమాసా పోయాక ఆ బిడ్డే పెద్దదై మట్టి తొక్కింది. తర్వాత దాని పిల్లలు తొక్కారు. ఆనక ఆ రాష్ట్రపు సర్కారు కంచె వేసి, పాత కోట కాపాడాలని బోర్డు పెట్టింది. బోర్డు మీద సిపాయిల పేర్లున్నాయి, తోమాసా పేరు లేదు. లేకపోతేనేం? బోర్డు సిపాయిలది. గోడ తోమాసాది.

ఇప్పటికీ ఏటా వానలకి ముందు జనం ఎక్కడెక్కడినుంచో వస్తారు. తాపీ ముట్టరు, అరచేతుల్తోనే అలుకుతారు. చివర్న పిల్లలు తడిగోడ మీద చేతులు అద్దుతారు. మరుసటేడు వాటిమీద మళ్లీ మట్టి. ఏ పిల్లా ఏడవదు. ఎవరైనా దూకుడుగా రుద్దితే పక్కవాళ్లు చెయ్యి పట్టుకుని అంటారు:

"మెల్లిగా. లోపల పిల్ల ఉంది."

కథ గోడలో చేరింది. మనం ఇంటికి పోదాం.