ఆరో గది హాయిగా ఉంది

ఆరో గది ముసలామె ఖాసింబీ జేజికి మట్టి ఇచ్చి వచ్చి మూడు రోజులైనా గౌసియా ఫోనులో ఆ మాట అలాగే ఉంది.

"ఆరో గది: ఇరవై నాలుగు డిగ్రీలు. వెచ్చగా ఉంది. జేజి హాయిగా ఉంది."

ఆదోని దాటినాక కొండవాలులో ఆరు గదుల ఇల్లు అది. నా అనేవాళ్లు లేని ముసలివాళ్లు ఆఖరి రోజులు గడపడానికి అక్కడికి వస్తారు. దాన్ని పెట్టింది దస్తగిరి తాత. ఒకప్పుడు దూది ఏకి పరుపులు కుట్టినవాడు. ఇప్పుడు ఆయన పక్కన ఊరికే కాసేపు కూర్చుని పోదామని ఎక్కడెక్కడి నుంచో మనుషులు వస్తుంటారు. గౌసియా కూడా అలా ఒక పూట కూర్చుందామనే వచ్చింది. రెండేళ్లయింది, ఇంకా లేవలేదు.

ఆ పిల్లకు మిషన్ల విద్య నేర్పినవాళ్లెవరూ లేరు. వీడియోలు చూసి, వేళ్లు కాల్చుకుని, పాడుచేసి, మళ్లీ బాగుచేసి తనంతట తనే నేర్చుకుంది. ప్రతి గదిలో అగ్గిపెట్టెంత సెన్సర్ తగిలించింది. గదిలో వేడి ఎంతుందో అది చెబుతుంది. ఇరవై కంటే దిగిందా, హీటర్ దానంతటదే వెలుగుతుంది.

మొదట్లో ఆమె ఫోను తెర మీద ఉత్త అంకెలే వచ్చేవి. సిగ్నల్ అందనప్పుడు ఎర్రటి అక్షరాలు. అవి కనబడితే చాలు, రెండో గది సిలార్ సాయిబు "ఎవరికో ఏమో అయింది" అని గుండె పట్టుకునేవాడు. అందుకని గౌసియా ఒక టెంప్లేట్ రాసింది. మాటల అచ్చు అది. మధ్యలో ఖాళీ వదిలితే, సెన్సర్ పంపిన అంకె వచ్చి అందులో కూర్చుంటుంది. అంకె మంచిదైతే "హాయిగా ఉంది" అని వాక్యం పూర్తవుతుంది. మరి అంకే రాకపోతే? పోయినసారి వచ్చినదాన్నే పెట్టుకో అని ఒక వరుస రాసింది. దాంతో ఎర్ర అక్షరాలు పోయాయి. ఎప్పుడు చూసినా ఇల్లంతా హాయిగానే ఉండేది.

ఆ అచ్చు చూసుకుని ఎంత మురిసిపోయిందో. అంతకుముందు రోజూ పడుకోబోయే ముందు ఆరు గదులూ తిరిగి, కిటికీలు లాగి చూసి వచ్చేది. తర్వాత ఫోను చూసి పడుకోవడం మొదలుపెట్టింది.

ఆరో గది సెన్సర్‌లో సెల్లు ఏ మధ్యాహ్నమో అయిపోయింది. చీకటి పడ్డాక డిసెంబరు గాలికి కిటికీ గడియ ఊడింది. హీటర్‌కు అందింది పాత ఇరవై నాలుగే కాబట్టి అది వెలగలేదు. తెల్లారి టీ తీసుకెళ్లిన గౌసియా తలుపు తీయగానే చలి మొహాన కొట్టింది. జేజి రెండు పిడికిళ్లతో దుప్పటి గడ్డం దాకా లాక్కుని, అలాగే పోయి ఉంది.

డాక్టరు వచ్చి, "ఊపిరితిత్తులు ఎప్పుడో చెడిపోయినాయి. ఇవాళ కాకపోతే ఇంకో వారం" అన్నాడు. "నీ తప్పేముంది పాపా" అన్నారు అందరూ. దస్తగిరి తాత ఒక్కడే ఏమీ అనలేదు. ఆయన నోటి నుంచి ఆ మాట వినందే ఆమెకు ముద్ద దిగేలా లేదు.

మూడో రోజు పొద్దున, ఆయన చింతపండు గింజలు తీస్తుంటే వెళ్లి ఎదురుగా కూర్చుంది.

"తాతా, మిషను అబద్ధం చెప్పలేదు."

"ఊఁ."

"చివర్న ఏం వినిందో అదే చెప్పింది. సెల్లు అయిపోతే నేనేం చేసేది? మిగతా గదులన్నిట్లో కొత్తవి వేసినా. ఇంక ఆర్నెల్లు ఆ పక్కకు పోయి చూసే పనే లేదు."

"ఊఁ."

"ఊఁ అంటే కాదు తాతా. నా తప్పుందా, లేదా? ఒక్క మాట చెప్పు."

ఆయన చేతికంటిన గింజ దులుపుకుని, "అన్నం వేళయింది" అని లేచాడు.

చావు జరిగిన ఇల్లు కదా, అంతవరకూ పక్క ఊరివాళ్లు వండి పంపారు. ఆ మధ్యాహ్నమే మళ్లీ పొయ్యి వెలిగింది. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. గిన్నె మూత తీసే ముందు తాత వసారాలో నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాడు. గదుల తలుపులన్నీ తెరిచే ఉంటాయి. లేవలేనివాళ్లు మంచం మీద నుంచే పలుకుతారు. పలికినవాళ్ల పళ్లెంలో అన్నం పడుతుంది.

"లింగమ్మా!"

"ఉండాను. ఈ పూటన్నా ఉప్పేసినారా?"

"సిలార్!"

"ఉండా అన్నా. నువ్వు పెట్టిందాకా యాడికి పోతా?"

మిగతా ముగ్గురూ పలికారు. గౌసియా గంటె పట్టుకుని పళ్లేలు నింపుతోంది.

"ఖాసింబీ!"

గంటె గాలిలోనే ఆగింది. లింగమ్మ గదిలోంచి గొణుగుడు ఆగిపోయింది.

"ఖాసింబీ!"

కొండ గాలికి ఆరో గది తలుపు కొంచెం కదిలి, మళ్లీ నిలిచింది.

అప్పుడు తాత, గొంతు మార్చకుండా, తనే జవాబిచ్చాడు.

"ఉండా. హాయిగా ఉండా."

ఆరో పళ్లెం తీసుకున్నాడు. అన్నం పెట్టాడు, పప్పు పోశాడు, అంచున ఊరగాయ ముక్క వేశాడు. పళ్లెం గౌసియా చేతికిచ్చాడు.

"ఆరో గదిలో ఇచ్చి రా."

"తాతా..."

"పలికింది కదా పాపా. చల్లారిపోతాది, పో."

ఆమె వెళ్లింది. మంచం మీద పరుపు లేదు, ఉత్త నవారు. కిటికీ రెక్కలను ఎవరో తీగతో కట్టేశారు. గోడ మీద సెన్సర్ చిన్న లైటు వెలగకుండా ఉంది. పళ్లెం ఎక్కడ పెట్టాలో తెలియక గౌసియా మంచం పక్కనే నిలబడింది. కాసేపటికి, తనకే వినపడనంత మెల్లగా, "జేజీ" అంది. ఆగింది. ఇంకోసారి, ఈసారి వసారాకు వినపడేలా పిలిచింది. మళ్లీ ఆగింది. అన్నం మీది ఆవిరి పల్చబడి, పల్చబడి, లేకుండా పోయింది.

ఆమె పళ్లెంతోనే తిరిగి వచ్చేసరికి ఇంకా ఎవరూ ముద్ద ఎత్తలేదు.

"తినిందా?" అన్నాడు తాత.

లేదని తల ఊపింది.

"ఏమనింది?"

గౌసియా కన్నీళ్లు పళ్లెంలో పడుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీగా లేవు.

"ఏమీ అనలేదు తాతా."

ఆయన లేచి, ఆ పళ్లెం ఆమె చేతుల్లోంచి మెల్లగా తీసుకున్నాడు.

"నీ అచ్చులో ఆ మాట రాయి."