మామ్మగారి కర్ర, గోపీ నీడ

అనగనగా కోనసీమలో ఓ ఊళ్ళో, అచ్చం నీలాగే కుదురుగా కూచోని పిల్లాడొకడు, గోపీచరణ్. తొమ్మిదో తరగతి. "చందమామ దాకానైనా కొలిచి పారేస్తా," అనేవాడు. ఆ వెంటనే, "టేపు మాత్రం మీరే తెచ్చివ్వాలి," అనేవాడు.

వాళ్ళ పక్కింట్లో సత్తెవతమ్మ మామ్మగారు. కాపురానికొచ్చిన ఏడాది ఆవిడ నాటిన కొబ్బరిచెట్టు ఆకాశమంత పెరిగింది. తుఫానొస్తే ఇంటిమీద పడుతుందని కొడుకు ఆనందరావు చెట్టు కొట్టేవాణ్ణి పిలిచేశాడు. మామ్మగారు ఆ పూట కాఫీ కూడా ముట్టలేదు. చెట్టుకీ ఇంటికీ మధ్య నలభై రెండడుగులు. చెట్టు అంతకన్నా పొట్టిదైతే ఉంచేద్దామన్నాడు ఆనందరావు. మరి ఎక్కి కొలుద్దామంటే పైన కందిరీగల పట్టు!

అప్పుడు మన గోపీ ఎగిరి గంతేశాడు. ముందురోజే బళ్ళో నీడల లెక్క చెప్పారట. ఒకే ఎండలో మనిషికీ వాడి నీడకీ ఏ లెక్కో, చెట్టుకీ దాని నీడకీ అదే లెక్కట. చెట్టు నీడ నలభై అడుగులు. గోపీ నీడ ఐదు. గోపీ ఎత్తు ఐదున్నర. గుణించి భాగిస్తే చెట్టు నలభై నాలుగు. మళ్ళీ వేశాడు, నలభై నాలుగు. ముచ్చటగా మూడోసారి ఇసకలో వేలితో వేశాడు, నలభై నాలుగే. లెక్క కుదిరిందని ఊరంతా వినేలా చెప్పాడు. చెప్పాక చూశాడు, మామ్మగారి మొహం. గొడ్డలివాడు అప్పటికే లేచాడు.

ఆ తర్వాత మామ్మగారు తన చేతికర్ర అందించి, దీని నీడ కూడా చూడమంది. కర్ర మూడడుగులు. నీడా మూడడుగులే. అంటే చెట్టు నలభై!

ఒకే ఎండకి రెండు జవాబులా? గోపీ కర్రని చూశాడు. చెట్టుని చూశాడు. ఆఖరికి తనని తాను చూసుకున్నాడు, అంతే, చెవులు ఎర్రబడ్డాయి. నోరు మూసుకుంటే పరువు నిలుస్తుంది, చెట్టు నిలవదు.

"ఆగండి బాబాయ్," అన్నాడు. "తప్పు లెక్కలో లేదు, నాలో ఉంది. వాలీబాల్ జట్టులోకి తీసుకోరేమోనని సారుకి ఐదున్నర అని చెప్పా, ఇక్కడా అదే నోటికొచ్చేసింది. నేను ఐదే."

గొడ్డలివాడు నవ్వాపుకోలేక చతికిలబడ్డాడు. చెట్టు బతికింది. మామ్మగారు కాఫీ పెట్టించింది, తనకీ గోపీకీ.

అప్పుడు గోపీ గ్లాసు చాటున మెల్లిగా అన్నాడు, "ఆ ఐదూ చెప్పులతో కలిపి, మామ్మగారూ."

కాయేమో చెట్టుకి,
కథేమో కంచికి,
కళ్ళేమో నిద్రకి!