తాతయ్య తుమ్ము

అనగనగా ఒక పట్నంలో ఇందుమతి అని ఒక పిల్ల ఉండేది. అచ్చం నీ ఈడుదే. నీలాగే పడుకోమన్నప్పుడల్లా దాహమేసేది దానికి.

ఆ పట్నంలో ఓ పేద్ద పార్కు. ఆదివారం అందరం వెళ్దామనుకున్నారు. నాన్న జింకల్ని చూద్దామన్నాడు. అమ్మ గులాబీలు చూద్దామంది. ఇందు పడవెక్కుతానంది. అప్పుడు తాతయ్య, "మీరు వెళ్ళి రండమ్మా. అంత పార్కు తిరగడం నా మోకాళ్ళ వల్ల కాదు. నేను ఇల్లు చూసుకుంటా" అన్నాడు.

ఇందు మొహం చిన్నబోయింది. తాతయ్య రాని పార్కు దానికెందుకు చెప్పు?

ఆదివారం పొద్దున్నే అమ్మ పులిహోర కలిపింది. నాన్న చాప చుట్టాడు. తీరా గడప దాటబోతుంటే ఇందు "హాచ్!" అని తుమ్మింది. ఆ ఇంట్లో తాతయ్య పెట్టిన నియమం ఒకటుంది. బయల్దేరేటప్పుడు ఎవరు తుమ్మినా అందరూ కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగాకే కదలాలి. సరే, కూర్చున్నారు. ఈలోగా ఇందు తాతయ్య చెప్పులు తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది.

ఆ తర్వాత లేచారు. మళ్ళీ "హాచ్!" నిజం తుమ్మనుకున్నావా? దొంగ తుమ్మే! ఈసారి చేతికర్ర తెచ్చి పెట్టింది.

మూడోసారీ తుమ్మేసరికి, "నీళ్ళు తాగలేక చస్తున్నానే!" అని నాన్న విసుక్కున్నాడు. అప్పుడు ఇందు కండువా తెచ్చి తాతయ్య భుజం మీద వేసింది. "నువ్వేం నడవక్కర్లేదు తాతయ్యా. గేటు పక్కనే బెంచీ ఉంది. నాకు పడవ వద్దులే, మనిద్దరం అక్కడే కూర్చుందాం" అంది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తాతయ్యకి ఎంత ముద్దొచ్చిందో! "నేను రాకపోతే దీని జలుబు తగ్గేలా లేదు" అంటూ చెప్పులేసుకున్నాడు.

అమ్మా నాన్నా పార్కంతా తిరిగొచ్చారు. ఇందు మాత్రం తాతయ్య పక్కనుంచి కదిలితే ఒట్టు. ఇద్దరూ పులిహోరలో పల్లీలు ఏరి ఉడతలకి వేశారు. కబుర్లు చెప్పుకున్నారు. పడవ సంగతి దానికి గుర్తే రాలేదు.

పొద్దు వాలింది. అమ్మ గిన్నెలు సర్దింది. నాన్న చాప చుట్టాడు. ఇందు కూడా లేచి చెప్పులు వేసుకుంది. అప్పుడు బెంచీ మీంచి వినబడింది, "హాచ్!"

తాతయ్య! ఎవరి మొహమూ చూడకుండా, "నియమం నియమమే. కూర్చోండి, కూర్చోండి" అన్నాడు.

నాన్న నవ్వుతూ చాప మళ్ళీ పరిచాడు. ఇందు నీళ్ళ సీసా మూత తీసి తాతయ్యకి అందించింది.

ఒక్క తుమ్ము తుమ్మితే గుక్కెడు నీళ్ళు,
నొప్పి మరిచిపోయాయి తాత మోకాళ్ళు.
కథేమో కంచికి, తాతేమో బెంచీకి,
మూసుకో నా తల్లీ, నీ చిట్టి కళ్ళు.