రిపోర్టు వచ్చిన వేళ

మా తాయారమ్మ గారికి ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరేమడిగినా కళ్ళజోడు నుదుటి మీదికి తోసి ఓ క్షణం తేరిపార చూసి, "చెప్పులేసుకో" అనేవారు. మా ల్యాబులోకి చెప్పులతో రానిచ్చేవారు కాదు, అందరివీ గుమ్మం బయటే ఉండేవి. అందుకని ఆ మాటకు అర్థం ఒకటే: జవాబు ఈ గదిలో లేదు, పద. అలా ఆవిడ వెనకాల నేనెక్కిన ఆసుపత్రి మెట్లన్నీ కలిపితే ఏనాడో తిరుమల కొండెక్కి దర్శనం చేసుకుని ఉండేవాణ్ణి.

గోదావరి జిల్లాలో ఓ పెద్దాసుపత్రి కింది అంతస్తులో ఉండేది మా ల్యాబు. అక్కడే ఆవిడ దగ్గర చదువుకున్నాను, అక్కడే ఉద్యోగంలో చేరాను. రక్తంలో క్రిమి చేరిందని అనుమానం వస్తే ఆ రోగి రక్తం సీసాలో పోసి వెచ్చగా ఉంచేవాళ్ళం. క్రిమి పెరిగాక గాజు పళ్ళెంలో పరిచి, మందు అద్దిన చిన్న కాగితపు బిళ్ళలు దాని మీద పెట్టేవాళ్ళం. మందు పనిచేసేదయితే బిళ్ళ చుట్టూ గుండ్రంగా ఖాళీ ఏర్పడేది. మొండి క్రిమి అయితే బిళ్ళ అంచుదాకా ధీమాగా పాకేసి ఉండేది. సీసాలో క్రిమి ఉందని తెలిశాక కూడా, దానికి ఏ మందు పడుతుందో తేలడానికి ఇంకో రెండు రోజులు పట్టేది. ఈలోగా పైన డాక్టర్లు తమ అనుభవం కొద్దీ ఏదో ఒక మందు ఎక్కిస్తూ ఉండేవారు. చాలాసార్లు మా పని ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే ఉండేది.

అయినా ఆ పొద్దుటి పూటలంటే నాకిప్పటికీ ప్రాణం. తాయారమ్మ గారు పళ్ళేన్ని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంటే మేమంతా ఊపిరి బిగబట్టి చుట్టూ మూగేవాళ్ళం. తరవాత ఎవరూ కూర్చోకూడదు. పళ్ళెం చదివినవాళ్ళే వార్డుకి నడిచి వెళ్ళాలి, అక్కడ మందు మారేదాకా కిందికి దిగకూడదు. అది మా ల్యాబు ఆచారం. మమ్మల్ని చూసి వార్డు సిస్టర్లు "వచ్చారమ్మా చుట్టాలు" అని నవ్వేవారు.

ఆవిడ రిటైరవడానికి కొంచెం ముందు కొత్త మిషను వచ్చింది. పొద్దున సీసాలో క్రిమి కనిపిస్తే మధ్యాహ్నానికల్లా ఏ మందుకు లొంగుతుందో, దేనికి లొంగదో చెప్పేస్తుంది. చెప్పి ఊరుకోదు, మీట నొక్కితే చాలు రిపోర్టు వార్డు కంప్యూటర్లో ప్రత్యక్షం. మిషను వచ్చిన రోజు తాయారమ్మ గారు దానికి కుంకుమ బొట్టు పెట్టి, "నువ్వు ఇరవై ఏళ్ళ ముందే వచ్చుంటే ఎంతమంది మిగిలేవారే తల్లీ" అన్నారు.

అప్పుడు ఆవిడ దగ్గర హిమబిందు అనే పిల్ల చదువుకుంటోంది. చురుకైనది, మిషను పని అందరికంటే ముందు నేర్చుకుంది. ఓ రోజు తాయారమ్మ గారు కాలేజీలో క్లాసు ముగించుకుని మధ్యాహ్నం ల్యాబుకి వచ్చేసరికి, హిమబిందు క్యారేజీ కడుక్కొచ్చి గర్వంగా చెప్పింది.

"మేడమ్, పొద్దుటి సీసా రిపోర్టు భోజనాలకి ముందే వచ్చేసింది! వార్డుకి పంపేశాను కూడా. ఇంత తొందరగా వచ్చేస్తుంటే ఇంకా ఆ మెట్లెక్కి తిరగడం దేనికండీ?"

"ఎవరిదమ్మా ఆ రిపోర్టు?"

"ప్రసూతి వార్డులో మంగ అనే ఆవిడది. ఇస్తున్న మందు పనిచెయ్యదని వచ్చింది."

తాయారమ్మ గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోశారు. "చెప్పులేసుకో."

నేనూ వెంట వెళ్ళాను. మంగ కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. పక్కన ఆమె తల్లి గౌరమ్మ పసిగుడ్డుని ఒళ్ళో పెట్టుకుని విసురుతోంది. తలదగ్గర వేలాడుతున్న సీసాలో పాత మందే ఇంకా బొట్లు బొట్లుగా దిగుతోంది.

"పొద్దుట్నుంచీ ఇంతేనండి," అంది గౌరమ్మ. "పిల్ల గుక్కపట్టి ఏడుత్తున్నా కళ్ళు తెరవట్లేదు. మందెడుతున్నారు కదాని చూత్తున్నానండి."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు, వచ్చిన రిపోర్టు బల్ల మీది కంప్యూటర్లోనే ఉండిపోయింది. తెర నల్లగా నిద్రపోతోంది. దాని ముందు ఎవరో చేతి తొడుగుల పెట్టె పెట్టారు. సిస్టర్ రూతమ్మ పురిటి గదిలోంచి చెమటలు కక్కుతూ వచ్చింది. "లోపల ముగ్గురున్నారు మేడమ్. అటు చూడ్డానికి కూడా తీరికవ్వలేదు. డాక్టరు గారేమో పొద్దున ఆపరేషన్ థియేటర్లోకి వెళ్ళారు, ఇంకా బయటికి రాలేదు."

హిమబిందుకి ఎవరూ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఆ పిల్ల అప్పటికే పరుగెత్తింది. థియేటరు తలుపు దగ్గరికి డాక్టరు గారిని పిలిపించి, విషయం చెప్పి, చీటీ రాయించుకుని, అట్నుంచి అటే మందుల గదికి దిగి, రొప్పుతూ పైకొచ్చింది. అంతసేపూ తాయారమ్మ గారు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, గౌరమ్మ ఒళ్ళోంచి పసిదాన్ని తీసుకుని జోకొడుతున్నారు. వాళ్ళది ఏ ఊరో, పాపకేం పేరు పెడతారో అడుగుతున్నారు.

మంగ బతికింది. కొన్నాళ్ళకి నడుచుకుంటూ మా గుమ్మం దాకా వచ్చి, చెప్పులు బయట విడిచి, పాపని చూపించి వెళ్ళింది. అదంతా తరవాతి సంగతి. ఆ పూట మాకెవ్వరికీ బతుకుతుందన్న ధైర్యం లేదు.

రూతమ్మ పాత సీసా తీసేసి కొత్తది తగిలించింది. గొట్టంలో మొదటి బొట్టు జారింది. హిమబిందు కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని మంచం పట్టె గట్టిగా పట్టుకుని నిలబడిపోయింది. బయట సాయంత్రం టీ అమ్మేవాడి కేక వినిపించింది.

తాయారమ్మ గారు పాపని గౌరమ్మకి అందించి, కళ్ళజోడు కిందికి దించుకుని, చేతి గడియారం చూసుకున్నారు.

"రాసుకో హిమబిందూ," అన్నారు మెల్లగా. "రిపోర్టు ఇప్పుడొచ్చింది."