గిలకపాముకు మాట పోయిన కథ

ఒకప్పుడు ఎడారి పాముకు విషం లేదు. మాట ఉండేది.

మన ఊళ్ళకు చాలా దూరం ఆ నేల. ఇసుక, రాళ్ళు, అక్కడక్కడ జెముడు పొదలు. అక్కడ ఒక బొరియలో పాము ఉండేది. బొరియ ముందు ఇసుకలో గుడ్లు పెట్టుకునేది.

బయట ఎవరు నడిచినా నేల అదిరేది. ఆ అదురు పొట్టకు తెలియగానే పాము లోపలినుంచే ఎవరూ అని అడిగేది. వచ్చినవాళ్ళు పేరు చెప్పేవాళ్ళు. గుడ్లున్నాయి, పక్కనుంచి పొండి అనేది పాము. వాళ్ళు పక్కనుంచి పోయేవాళ్ళు.

చెవులపిల్లి ఒక్కతే పోకుండా అక్కడే కూర్చునేది. ఇద్దరూ వదినా అంటే వదినా అనుకునేవాళ్ళు. కాళ్ళు లేనిదానివి, నువ్వెక్కడికి పోతావులే అని చెవులపిల్లి ఎగతాళి చేసేది. నాలుగు కాళ్ళుండి నువ్వు చేరిందీ ఈ బొరియకేగా అని పాము అనేది.

ఒక ఏడు వాన బొత్తిగా పడలేదు. అడవిదున్నలు నీళ్ళ వాసన పట్టి మందగా పరుగెత్తాయి. పాము అరిచింది. ఆ డెక్కల చప్పుడులో ఎవరికీ వినబడలేదు. మంద దాటిపోయాక చూసుకుంటే పదకొండు గుడ్లూ ఇసుకలో కలిసిపోయాయి.

మరుసటి ఏడూ అంతే.

పాము మంద పెద్దను వెతుక్కుంటూ పోయి, ఇదేం న్యాయమని అడిగింది. పెద్ద దున్న నెమరు ఆపలేదు.

"కింద పడుకునేవాళ్ళు చూసుకోవాలమ్మా. పైన నడిచేవాళ్ళం, మాకేం కనబడుతుంది?" అంది.

పాము వెనక్కి రాలేదు. మిట్టమధ్యాహ్నం ఒక బండ ఎక్కి ఎండను పిలిచింది. ఆ నేలకు పెద్దదిక్కు ఎండే. తన కడుపుకోత చెప్పుకుంది. కోరలున్నాయి గాని వాటిలో ఏమీ లేదంది. నన్ను చూస్తే దున్న కూడా దారి మార్చుకోవాలి, అలాంటిదేదైనా ఇవ్వమంది.

ఎండ అంది:

"ఇస్తాను. కాని ఒక్క నోట్లో విషమూ మాటా రెండూ ఇమడవు. ఏది ఉంచుకుంటావో చూసుకో."

పాము ఆలోచించనైనా లేదు. మాట ఉండి మాత్రం పిల్లలు దక్కారా? నోరు తెరిచింది. ఆనాటి ఎండంతా చుక్కలు చుక్కలుగా కోరల్లోకి దిగింది. మాట ఆవిరైపోయింది.

ఆ ఏడు పాము గుడ్లు బయట పెట్టలేదు. కడుపులోనే దాచుకుంది. దున్నలు వచ్చాయి. ముందు నడిచే కోడెను ఒక్క కాటు వేసింది. అంత కోడె పది అడుగులు పోయి కూలిపోయింది. మంద దారి మార్చుకుంది.

పాము ఎనిమిది పిల్లల్ని కంది. ఎనిమిదీ బతికాయి. వాటిని చుట్టుకుని పడుకుంది.

ఆ సంగతి తొండ చెప్పింది చెవులపిల్లికి. మాట పోయిన సంగతి తొండకూ తెలియదు.

చెవులపిల్లికి కాళ్ళు నిలవలేదు. తనకూ ముగ్గురు పిల్లలు పుట్టినప్పటినుంచి అటు పోలేకపోయింది. అత్తను చూసి ఇప్పుడే వస్తాను, పొద దాటకండి అని వాళ్ళకు చెప్పింది. ఒక మెత్తని జెముడు పండు నోట కరుచుకుని బయలుదేరింది.

ఎప్పుడూ అయితే ధబ్ ధబ్ మని గెంతుతూ వచ్చేది. ఆ రోజు అలా రాలేదు. పురిటింటికి పోయేటప్పుడు అడుగు చప్పుడు కాకూడదు. పసివాళ్ళు ఉలిక్కిపడతారు. అందుకని ఒక్కో కాలూ మెల్లగా మోపుతూ, ఆగి ఆగి వచ్చింది.

బొరియలో పాముకు నేల సన్నగా అదిరింది. ఆగింది. మళ్ళీ అదిరింది. అలా పొంచి నడిచేది నక్క.

ఎవరూ అని అడగబోయింది. నోరు తెరుచుకుంది. మాట రాలేదు.

కాటు పడింది.

"వదినా" అంది చెవులపిల్లి. అంతే.

పండు దొర్లి బొరియలోకి వచ్చింది. సాయంత్రానికి గాలి చెవులపిల్లి మీద ఇసుక కప్పింది.

పాము అక్కడే ఉండిపోయింది. కుబుసం విడిచే రోజు వచ్చింది. ఏ పాము అయినా రాతికి ఒళ్ళు రాసుకుని తోకదాకా ఒలుచుకుంటుంది. దీనికి కదలాలనిపించలేదు. కుబుసం దానంతటదే జారింది. తోక కొసన ఒక ముక్క మిగిలి ఎండిపోయింది. మరుసటిసారి దాని మీద ఇంకో ముక్క. అలా ఏడాది తిరిగేసరికి నాలుగు కట్లు.

చెవులపిల్లి పిల్లలు ముగ్గురూ అమ్మ కోసం వెతకని చోటు లేదు. అత్త బొరియ ఎక్కడో తెలియక తిరిగి తిరిగి, చివరికి ఇటు వచ్చారు. పాము బొరియ ముందే చుట్టుకుని ఉంది.

"అత్తా, మా అమ్మ నీ దగ్గరికే బయలుదేరింది. ఇటు వచ్చిందా?" అని పెద్దది అడిగింది.

అడుగుతూనే ముగ్గురూ దగ్గరికి జరిగారు. పాము మెడ దానంతటదే వెనక్కి లేచింది. కోరల్లో విషం ఊరింది. ఇంకొక్క అడుగు వేస్తే తన నోరు తన మాట వినదని పాముకు తెలుసు. నేనే అని చెప్పాలి. రావద్దు అని చెప్పాలి. దేనికీ మాట లేదు.

బలమంతా పెట్టి తనను తాను పట్టుకుంది. ఒళ్ళంతా వణికింది. ఆ వణుకు తోకకు చేరింది. ఎండిన కట్లు ఒకదానికొకటి కొట్టుకుని గిలక్కాయలా గలగలమన్నాయి.

పిల్లలు ఎగిరి వెనక్కి పడ్డారు. తిరిగి చూడకుండా పరుగెత్తారు. జెముడు పొదల దగ్గర ఆగి, అత్తకు మనమంటే కోపం అంది చిన్నది.

పాము వాళ్ళు కనుమరుగయ్యేదాకా తోక ఆపలేదు.

అప్పటినుంచే ఆ పాము గిలకపాము అయింది. ఎంత విషమున్నా, ముందు తోక ఆడించి చెబుతుంది. కుబుసం విడిచినప్పుడల్లా ఒక కట్టు మిగుల్చుకుంటుంది. పుట్టిన పిల్లకు ఆ చప్పుడు రాదు. అందుకే అది మొదటి కుబుసం విడిచేదాకా తల్లి పక్కనుంచి కదలదు.

ఎక్కడైనా ఆ గలగల వినబడితే, అమ్మా, అక్కడే ఆగిపోవాలి. వచ్చిన దారినే వెనక్కి రావాలి. అంతకుమించి చెప్పడానికి దాని దగ్గర ఏమీ లేదు.